కదల్లేనివాళ్ళకి మర్దన: నూనె కంటే ముందు దిండ్లు

నెల్లూరు, కావలి, ఒంగోలు, కనిగిరి పక్క ఇళ్ళకు వెళ్ళి మర్దన చేస్తుంటాను. పిలిచేవాళ్ళలో ఎక్కువమంది సొంతంగా మంచం దిగలేనివాళ్ళే. పక్షవాతం వచ్చినవాళ్ళు, తుంటి ఆపరేషన్ అయినవాళ్ళు, నడుము గూనిపోయినవాళ్ళు, చక్రాల కుర్చీలో ఉండేవాళ్ళు. వీళ్ళకి గంట పని అనుకుంటే అందులో ఇరవై నిమిషాలు మనిషిని కుదురుగా పడుకోబెట్టడానికో కూర్చోబెట్టడానికో పోతుంది. "ముందు నూనె రాసేయమ్మా, మళ్ళీ కరెంటు పోతుంది" అని ఇంట్లోవాళ్ళు తొందరపెడతారు. కానీ మెడ కింద ఖాళీ ఉన్నంతసేపు మెడ కండరాలు తలని మోస్తూనే ఉంటాయి. మోకాలి కింద ఆసరా లేకపోతే తొడ బిగుసుకునే ఉంటుంది. అలా పనిలో ఉన్న కండరాన్ని పైనుంచి ఎంత పిసికినా వదలదు, నొప్పి మాత్రం పెరుగుతుంది. అందుకే మనిషి కుదురుకున్నాకే నూనె సీసా మూత తీస్తాను.

సగం సమాచారం ఫోన్లోనే రాబట్టాలి. ఏ పక్క పడిపోయింది, సొంతంగా ఒత్తిగిలగలరా, మంచం మీంచి కుర్చీలోకి ఎవరి సాయంతో వస్తారు, మూత్రం గొట్టం గానీ ముక్కు గొట్టం గానీ ఉందా, డయాలసిస్ చేయించుకుంటుంటే ఫిస్టులా (సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి రక్తనాళాలు కలిపిన చోటు) ఏ చేతికి ఉంది, ఒంటి మీద పుండ్లున్నాయా అని అడుగుతాను. ఎప్పుడో చెయ్యో కాలో విరిగి పుత్తూరు కట్టు కట్టించుకున్న సంగతి కూడా అడగాలి. అది పాతికేళ్ళ నాటిదని వాళ్ళు చెప్పరు, మనం మాత్రం ఆ కీలుని దాని హద్దు దాటించకూడదు. వీటన్నిటికంటే పనికొచ్చే ప్రశ్న ఇంకొకటుంది: "రాత్రిపూట ఎలా పడుకుంటే నిద్ర పడుతుంది?" కుడిపక్కకి తిరిగి, రెండు కాళ్ళ మధ్య దుప్పటి పెట్టుకుంటే పడుతుందని చెప్పారంటే మన మొదటి భంగిమ వాళ్ళే చెప్పేసినట్టు. దాన్నే ఇంకాస్త సర్దితే చాలు.

ఒక కాలి పిక్క మాత్రమే వాచి, వేడిగా, నొక్కితే నొప్పిగా ఉందంటే ఆ రోజు మర్దన లేదు, ముందు ఆసుపత్రికి. మంచం పట్టినవాళ్ళకి పిక్క రక్తనాళాల్లో గడ్డ కట్టే ప్రమాదం ఎక్కువ. ఆ గడ్డని పిసికితే కదిలి ఊపిరితిత్తులకు పోవచ్చు, ప్రాణం మీదికి రావచ్చు.

వేళ కూడా చూసుకోవాలి. అన్నం తిన్నాక కనీసం గంటన్నర ఆగాలి. ముక్కు గొట్టంతో పాలో జావో పోసి ఉంటే గంట సేపు తలవైపు ఎత్తులోనే ఉంచాలి, ఆలోపు చదునుగా పడుకోబెడితే పోసింది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళయితే మాత్ర పనిచేస్తున్న వేళ చూసుకుని వెళ్ళాలి. మాత్ర ప్రభావం తగ్గిపోయిన వేళ పక్కకి తిప్పడమే గగనం.

నా సంచిలో ఉండే సామాను: పెద్ద దిండ్లు మూడు, చిన్నవి రెండు, గుండ్రటి బాలీసు ఒకటి, తువ్వాళ్ళు ఆరు, కిలో చొప్పున బియ్యం పోసి కుట్టిన గుడ్డసంచులు రెండు, పాత నూలుచీర ఒకటి. దిండ్లు దూదివైతేనే మంచిది. ఫోమ్ దిండు నొక్కితే ఎగదన్నుతుంది, దూది దిండు పెట్టిన చోట పెట్టినట్టు కూర్చుంటుంది. చీర విషయానికొస్తే, వెంకటగిరి నూలుచీర పాతబడితే ఈ పనికి అంతకన్నా మంచి గుడ్డ లేదు. జరీ అంచు చర్మాన్ని గీరుతుంది, దాన్ని కత్తిరించెయ్యాలి. అయిదున్నర మీటర్ల చీరని నాలుగు మడతలు వేస్తే దాదాపు 1.4 మీటర్లు వస్తుంది. మనిషి భుజాల నుంచి తొడల దాకా వచ్చేలా మంచానికి అడ్డంగా పరిస్తే రెండు పక్కలా పట్టుకోడానికి కొస మిగులుతుంది. మనిషిని జరపాలన్నా తిప్పాలన్నా ఆ కొసలే పట్టుకోవాలి. చేతులూ కాళ్ళూ పట్టుకుని లాగే అవసరం పోతుంది.

ఇక మంచం. నవారు మంచం మీద ఈ పని కుదరదు. నడుము కిందికి దిగి, భుజాలు రెండూ లోపలికి ముడుచుకుపోతాయి, పక్కకి తిప్పితే మళ్ళీ మధ్యలోకే దొర్లి వస్తారు. ఇంట్లో చెక్క మంచమో దివానో ఉంటే దాని మీదికి మార్పిస్తాను. అదీ లేకపోతే నవారు మీద ప్లైవుడ్ చెక్క వేయించి, పైన పలచటి పరుపు. పాత దూది పరుపు ఉండలు కట్టి ఉంటుంది, కాబట్టి దాని మీద అరచేత్తో ఒకసారి నిమిరి చూడాలి. తుంటి కింద వచ్చే ఒక్క ఉండ చాలు పావుగంటలో చర్మం కందిపోడానికి. గోడకు ఆనించిన మంచాన్ని ఇవతలికి లాగించి రెండు పక్కలా మనిషి నిలబడేంత చోటు చేసుకోవాలి. మడిచి తీసుకెళ్ళే మర్దన టేబుళ్ళు వీళ్ళకి పనికిరావు. ఎంత దించినా దాదాపు 24 అంగుళాల ఎత్తుంటాయి, వెడల్పు తక్కువ, ఎక్కలేరు, ఎక్కినా పడిపోతామన్న భయంతో ఒళ్ళు బిగబట్టుకుంటారు. ఇంటి మంచం 18 అంగుళాలు ఉంటుంది, అంచున కూర్చుంటే పాదాలు నేలకి ఆనతాయి. వంగి చేయడం మనకి కష్టమే, ఒక మోకాలు నేల మీద ఆనించో చిన్న పీట మీద కూర్చునో చేసుకోవచ్చు.

నెల్లూరు ఎండల్లో రబ్బరు షీటు నేరుగా ఒంటికి తగిలేలా వేస్తే చెమటకి చర్మం నానిపోతుంది. నానిన చర్మం కాస్త రాపిడికే లేచిపోతుంది. రబ్బరు షీటు అడుగున, దాని మీద మందపాటి నూలు దుప్పటి, ఆపైన చీర. ఫ్యాను గాలి నేరుగా నూనె ఒంటికి తగలకూడదు. పక్షవాతం పక్క చల్లబడితే బిగుసుకుంటుంది.

తిప్పేటప్పుడు మన చేతులకి నూనె చుక్క కూడా ఉండకూడదు. వాళ్ళు సొంతంగా చేయగలిగింది ముందు వాళ్ళనే చేయనివ్వాలి. పడిపోయిన పక్క చేతిని బాగున్న చేత్తో మణికట్టు దగ్గర పట్టుకోమంటాను. "పెద్దమ్మా, మోకాళ్ళు రెండూ మడవండి. తల ఇటు తిప్పి నన్ను చూడండి. ఇప్పుడు చేతులు రెండూ కలిపి ఇటు తీసుకురండి." తల తిరిగితే భుజం వస్తుంది, భుజం వెంట తుంటి వస్తుంది. మన ఒక చెయ్యి వీపు మీద గూడ ఎముక దగ్గర, రెండోది తుంటి మీద. ఊపిరి వదిలేటప్పుడు కదపాలి. పడిపోయిన చేతిని పట్టి లాగారంటే భుజం కీలు కిందికి జారుతుంది, చాలామందికి ఇప్పటికే కొంత జారి ఉంటుంది. భుజం కొస కింద రెండు వేళ్ళు పెట్టి చూస్తే అక్కడ గుంట తగులుతుంది. అలాంటి చేతిని ఎత్తాలంటే ఒక అరచెయ్యి గూడ ఎముక కింద, ఇంకొకటి మోచేతి కింద పెట్టి రెండూ ఒకేసారి ఎత్తాలి. చంకలో చెయ్యేసి లేపడం మా దగ్గర ప్రతి ఇంట్లోనూ ఉన్న అలవాటు. వెళ్ళిన ప్రతి ఇంట్లో అది మాన్పించడానికి చూస్తాను.

వెల్లకిలా పడుకోబెట్టినప్పుడు పక్కనుంచి చూస్తే నుదురూ గడ్డమూ ఒకే మట్టంలో ఉండాలి. గడ్డం పైకి లేస్తే దిండు చాలలేదు, గుండె మీదికి వాలితే ఎక్కువైంది. మోకాళ్ళ కింద ఆరంగుళాల మందం బాలీసు పెడతాను. కీలు వెనక గుంటలో మాత్రమే పెడితే అక్కడి రక్తనాళాలు నలుగుతాయి, తొడ సగం నుంచి పిక్క సగం దాకా ఆసరా ఉండాలి. మడమలు మంచానికి తగలకూడదు. మడమ కింద నుంచి ఒక కాగితం జరిపితే అడ్డం లేకుండా ఇవతలికి రావాలి. పడిపోయిన కాలు బయటికి దొర్లిపోతుంటుంది, తొడ వెలుపలి పక్కన తువ్వాలు చుట్టి, దాని వెనక బియ్యం సంచి ఆనిస్తే నిలుస్తుంది. చేతి కింద దిండు గూడ దగ్గర మొదలై వేలి కొసల దాకా రావాలి. మణికట్టు దిండు అంచున వేలాడితే సాయంత్రానికి చెయ్యి వాస్తుంది.

మోకాలి మార్పిడి ఆపరేషన్ అయినవాళ్ళకీ, షుగరు వల్ల మోకాలి కింద కాలు తీసేసినవాళ్ళకీ మోకాలి కింద దిండు పెట్టి వదిలేయకూడదు. హాయిగా ఉందని వాళ్ళే అడుగుతారు. అలాగే గంటల తరబడి ఉంచితే మోకాలు వంగిన చోటే బిగిసిపోతుంది, ఆ తర్వాత నడకకీ కృత్రిమ కాలు అమర్చడానికీ అదే అడ్డం. మర్దన చేసే ఆ పదిహేను ఇరవై నిమిషాలు పెట్టి, అయిపోగానే తీసేస్తాను.

ఆయాసం ఉన్నవాళ్ళని చదునుగా పడుకోబెట్టొద్దు. ప్లాస్టిక్ కుర్చీని మంచం మీద తలకిందులుగా బోర్లిస్తే దాని వీపు ఏటవాలుగా ఆసరా అవుతుంది. దాని మీద దుప్పటి, రెండు దిండ్లు. ముప్పై నుంచి నలభై అయిదు డిగ్రీల వాలు వస్తుంది. కుర్చీ కాళ్ళు గోడకో మంచం తలాపి చెక్కకో ఆనాలి, లేకపోతే వెనక్కి జరుగుతుంది. ఈ వాలులో మనిషి మెల్లగా కిందికి జారుతుంటారు. చర్మం దుప్పటికి అంటుకుని ఉండిపోతుంది, లోపలి ఎముక మాత్రం దిగుతుంది. ముడ్డిపూస దగ్గర పుండ్లు పడటానికి ఆ లాగుడు పెద్ద కారణం. అందుకే ముందు మోకాళ్ళ కింద ఎత్తు పెట్టి, ఆ తర్వాతే వీపు లేపాలి. లేపాక ఒకసారి ముందుకు వంచి వీపుని దుప్పటి నుంచి విడదీసి మళ్ళీ ఆనించాలి.

బోర్లా పడుకోబెట్టే పని నేను పెట్టుకోను. వీపుకి చేయాలంటే పక్కకి తిప్పి చేస్తాను. తల దిండు మందం చెవికీ పరుపుకీ మధ్య ఉన్న ఖాళీకి సరిపోవాలి, భుజాల వెడల్పుని బట్టి నాలుగు నుంచి ఆరంగుళాలు. వెనకనుంచి చూస్తే మెడ పూసలు వీపు పూసలతో ఒకే గీతలో కనిపించాలి. కింది భుజాన్ని కొద్దిగా ముందుకు లాగి పెట్టాలి, బరువు గూడ మీద పడాలే గానీ భుజం కొస మీద పడకూడదు. పై చేతికి గుండెల ముందు దిండు, కౌగలించుకున్నట్టు. నడుము సన్నగా ఉన్నవాళ్ళకి నడుముకీ పరుపుకీ మధ్య చిన్న తువ్వాలు మడత. పై కాలు ముందుకు మడిచి దాని కింద మోకాలి నుంచి పాదం దాకా దిండు. ఆ దిండు మోకాలి దగ్గరే ఆగిపోతే పాదం కిందికి వాలి తుంటి మెలి తిరుగుతుంది. వీపు వెనక బాలీసు పెట్టాలి. నిట్టనిలువుగా పక్కకి ఉంచితే బరువంతా తుంటి ఎముక మీద పడుతుంది. ముప్పై డిగ్రీలు మాత్రమే తిప్పి వెనక దిండుకి వాలిస్తే పిరుదు కండ మీద పడుతుంది, అక్కడ కండ ఉంది కాబట్టి ఓర్చుకుంటుంది. సన్నగా ఎముకలు తేలినవాళ్ళని ఒక పక్క ఇరవై నిమిషాలకు మించి ఉంచను.

తుంటి మార్పిడి అయినవాళ్ళకి డాక్టరు పెట్టిన హద్దులు కాగితం మీద చూసుకోవాలి. సాధారణంగా తుంటిని తొంభై డిగ్రీలకు మించి వంచకూడదు, ఆ కాలు ఇంకో కాలి మీదుగా అవతలికి పోకూడదు, పాదం లోపలికి తిరగకూడదు. పక్కకి తిప్పాల్సి వస్తే ఆపరేషన్ కాలు పైకి ఉండాలి, రెండు కాళ్ళ మధ్య తొడ నుంచి చీలమండ దాకా రెండు దిండ్లు. తిప్పేటప్పుడు కూడా ఆ దిండ్లు జారకుండా ఇంకొకరు పట్టుకోవాలి.

కనిగిరి, పొదిలి, దర్శి, ఉదయగిరి పల్లెల్లో వేరే రకం ఒళ్ళు చూస్తాం. బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ తాగీ తాగీ వెన్ను కర్రలా అయిపోయినవాళ్ళు. మన దేశంలో ఈ జబ్బుని వైద్యులు మొదట రాసిపెట్టింది అప్పటి నెల్లూరు జిల్లాలోనే, 1937లో. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు ఆ పల్లెలు చాలా అందులోకి వెళ్ళాయి. ఇన్నేళ్ళయినా ఆ నీళ్ళు తాగి వంగిపోయిన మనుషులు ఇంకా కనిపించడం నాకు కడుపు మండే విషయం. వీళ్ళకి ఎముకల్ని కలిపే పట్టీలు కూడా గట్టిపడి ఉంటాయి. మెడ తిరగదు, మనిషిని పిలిస్తే మొత్తం ఒళ్ళు తిప్పి చూస్తారు. పక్కటెముకలు సరిగ్గా విప్పుకోవు కాబట్టి గుండె మీద బరువు ఆనిస్తే ఊపిరాడదు. ఎముక చూడ్డానికి గట్టిగా ఉంటుంది గానీ పెళుసు, బలవంతంగా వంచితే విరగొచ్చు.

వీళ్ళ వంపు మన పరుపుకి సరిపడదు, పరుపునే వంపుకి తగ్గట్టు కట్టుకురావాలి. తల కింద ఒక్క దిండు పెడితే తలకీ వీపుకీ మధ్య ఖాళీ అలాగే ఉంటుంది. గూడ ఎముకల దగ్గర మడత దుప్పటి, భుజాల దగ్గర ఒక దిండు, తల కింద ఇంకో రెండు, మెట్లు మెట్లుగా పేర్చాలి. పేర్చాక ప్రతి మెట్టు కిందా చెయ్యి దూర్చి చూస్తాను. అరచెయ్యి తేలిగ్గా దూరిందంటే అక్కడ ఖాళీ ఉన్నట్టే, తువ్వాలు మడిచి నింపాలి. పక్కకి తిప్పితే మెడ పక్కకి వంగదు కాబట్టి దిండు అర అంగుళం తక్కువైనా తల గాలిలోనే ఉంటుంది. అది వాళ్ళు చెప్పరు, మెడ పక్కన కండ తాడులా లేచి ఉంటే మనమే గమనించాలి. మోకాళ్ళు లోపలికి వంగి రాసుకుంటున్నవాళ్ళకి మధ్యలో పెద్ద దిండు దూర్చకండి, మడత తువ్వాలు చాలు. ఈమధ్యే కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయనో నడుస్తుంటే తూలుతున్నారనో ఇంట్లోవాళ్ళు చెబితే వెన్నుపాము నలుగుతుందేమోనని డాక్టరు దగ్గరికి పంపాలి. అప్పటిదాకా మెడా వీపూ ముట్టుకోను.

నిజానికి వీళ్ళలో చాలామందికి కూర్చోబెట్టి చేయడమే సుఖం. చేతులున్న చెక్క కుర్చీ, ఎదురుగా బల్ల, బల్ల మీద గుండె ఎత్తు దాకా దిండ్లు. ముందుకు వాలి నుదురు పై దిండుకి ఆనించి, చేతులు రెండూ బల్ల మీద పెట్టుకుంటారు. బల్ల అంచు పొట్టకో గుండెకో గుచ్చుకోకుండా దుప్పటి మడత. తల ఆనినా ముక్కు దగ్గర గాలి ఆడేలా దిండుని మధ్యలో కొంచెం నొక్కి గుంట చేయాలి. పాదాలు నేలకి పూర్తిగా ఆనాలి, లేకపోతే కింద పీట. ప్లాస్టిక్ కుర్చీ వద్దు, నున్నటి బండల మీద ముందుకు వాలగానే వెనక కాళ్ళు జారతాయి. చక్రాల కుర్చీలోనే చేస్తే బ్రేకులు రెండూ వేసి, పాదాలు పెట్టే రేకులు పక్కకి మడిచి మొదలుపెట్టాలి.

అన్నీ సర్దాక "బాగుందా?" అని అడిగితే మర్యాదకి అందరూ బాగుందనే అంటారు. "ఎక్కడైనా వత్తుతోందా? ఏ చోట ఎత్తుగా ఉంది, ఏ చోట పల్లంగా ఉంది?" అనడగాలి. మాట పోయినవాళ్ళతో ముందే గుర్తు పెట్టుకుంటాను, నొప్పైతే బాగున్న చేత్తో నా చెయ్యి రెండుసార్లు నొక్కమని. మాటకంటే ఒళ్ళు నిజం చెబుతుంది. కాలివేళ్ళు ముడుచుకున్నా, చెయ్యి మంచం పట్టెని పట్టుకున్నా, ఊపిరి పైపైనే ఆడుతున్నా ఎక్కడో ఆసరా చాలలేదు. రెండు నిమిషాలాగి మళ్ళీ చూడాలి, ఎందుకంటే దూది దిండు ఒంటి బరువుకి అప్పటికి అంగుళం దాకా దిగి ఉంటుంది.

మూత్రం గొట్టం ఉన్నవాళ్ళని తిప్పేముందు సంచి ఖాళీ చేయించి, తిప్పాక సంచి మూత్రాశయం మట్టం కంటే కింద, మంచం పట్టెకి వేలాడేలా చూసుకోవాలి. గొట్టం తొడ కింద నలగకూడదు. వెన్నుపాము గుండె భాగంలోగానీ మెడలోగానీ దెబ్బతిన్నవాళ్ళకి ఇది ప్రాణం మీది విషయం. గొట్టం మడత పడి మూత్రం నిలిచిపోతే రక్తపోటు ఒక్కసారిగా ఎగబాకుతుంది. తల పగిలిపోతోందంటారు, మొహం ఎర్రబడి చెమటలు పోస్తాయి. వెంటనే మర్దన ఆపి, కూర్చోబెట్టి, కాళ్ళు కిందికి దించి, గొట్టం మడత విప్పాలి, బట్టలు వదులు చేయాలి. తగ్గకపోతే అంబులెన్స్.

డయాలసిస్ చెయ్యి ఎప్పుడూ పైనే ఉండాలి, దాని మీద బరువు గానీ బిగుతు గుడ్డ గానీ పడకూడదు. ఎముక మీద చర్మం ఎర్రగా ఉండి, వేలితో నొక్కి వదిలితే తెల్లబడకుండా ఎర్రగానే ఉంటే అది పుండుకి మొదలు. నూనె రాసి రుద్దితే రక్తం ఆడుతుందన్నది తప్పు, లోపల దెబ్బతిన్న కణజాలం ఇంకా చితుకుతుంది. ఆ పక్క బరువు తీసెయ్యడమే పని. పిరుదుల కింద గాలి ట్యూబు పెట్టడం కూడా మానాలి, దాని అంచు చుట్టూ నొక్కి మధ్యలో రక్తాన్ని ఆపేస్తుంది. మర్దన మధ్యలో కాలు ఒక్కసారి కొయ్యబారితే బలవంతంగా వంచొద్దు. అరికాలూ మోకాలూ పట్టుకుని కదలకుండా ఉంటే అదే సడలుతుంది, అప్పుడు మోకాలు ఇంకాస్త మడిచి కింద దిండు పెంచితే మళ్ళీ రావడం తగ్గుతుంది.

అయిపోయాక నూనె పూర్తిగా తుడిచి, అరికాళ్ళకి సున్నిపిండి పట్టించి తడిగుడ్డతో తీసేస్తాను. కడప బండల మీద నూనె కాలు పెడితే తుంటి విరిగినట్టే. పక్కకి తిప్పి కాళ్ళు కిందికి దించి, మంచం అంచున రెండు నిమిషాలు కూర్చోబెట్టి, పాదాలు పదిసార్లు పైకీ కిందికీ ఆడించమంటాను. కళ్ళు తిరుగుతున్నాయంటే మళ్ళీ పడుకోబెట్టాలి. ఏ దిండు ఎక్కడ పెడితే కుదిరిందో, ఒంటి మీద దుప్పటి కప్పి ఉండగానే, వాళ్ళు సరేనంటే ఇంట్లోవాళ్ళ ఫోన్లోనే ఫోటో తీయిస్తాను. రాత్రి ఎవరు కాపలా ఉంటే వాళ్ళు అది చూసి అలాగే పెడతారు. కాలు తీసేసినవాళ్ళ ఇంట్లో, మోకాలి మార్పిడి అయినవాళ్ళ ఇంట్లో మాత్రం ఫోటో తీసేముందే మోకాలి కింద దిండు తీసేస్తాను.